చెయ్యి కదలక్కర్లేదు, బంతి తిరిగితే చాలు

బల్ల మీద పెట్టిన వస్తువు పెట్టిన చోటే ఉంటుంది. అంగుళం కూడా జరగదు. దాని నడుమ ఒక బంతి. మూడు వేళ్ల కొసలు ఆ బంతి మీద ఆనించి ఇలా ఒక్క ఊపు ఊపితే కర్సర్ ఈ మానిటర్ ఎడమ చివర్నుంచి పక్క మానిటర్ కుడి చివరికి వెళ్లిపోతుంది. వేలు ఆనిస్తే ఆగుతుంది. ముంజేయి కదల్లేదు, మోచెయ్యి కదల్లేదు, భుజం సంగతి సరేసరి! ఇన్నేళ్లుగా కంప్యూటర్ ముందే బతుకుతున్నాను, ఇలాంటిది ఒకటుందని నాకొక్కరూ చెప్పలేదు. ట్రాక్‌బాల్ అంటారు దీన్ని. ఇప్పుడు కనిపించినవాళ్లందరికీ నేనే చెబుతున్నాను.

నేను సినిమాలకు సబ్‌టైటిల్స్ రాస్తాను. రాయడం అందులో సగం పనే. రాసిన ముక్కని నటుడి పెదవి కదిలిన క్షణానికి అతికించడం మిగతా సగం. టైమ్‌లైన్ మీద ఒక్కో ముక్కా ఒక్కో పట్టీ. దాని ముందు అంచు పట్టుకుని జరపాలి, వెనక అంచు పట్టుకుని జరపాలి. సెకనుకు 24 ఫ్రేములు. ఒక ఫ్రేము అటూ ఇటూ అయితే ప్రేక్షకుడికి తెలియదు గానీ, అరసెకను తేడా వచ్చిందంటే మాట ఒకరిది, అక్షరాలు ఇంకొకరివి అయిపోతాయి. మామూలు తెలుగు సినిమాలోనే ఇలాంటి ముక్కలు వెయ్యి దాటతాయి. డైలాగులు దంచే సినిమా అయితే చెప్పక్కర్లేదు. ప్రతి ముక్కకీ రెండు అంచులు, ఆ భారమంతా కుడిచేతి మణికట్టు మీద. సాయంత్రానికి సలుపు, రాత్రికి చిటికెనవేలి వైపు నుంచి మోచేతి దాకా లాగుడు. డీటీపీ చేసేవాళ్లు, అకౌంట్లు చూసేవాళ్లు, ఇంటి ప్లాన్లు గీసేవాళ్లు, మా అందరికీ ఇది జీతంతో పాటు వచ్చే నొప్పి. మందు రాసుకుని మర్నాడు మళ్లీ మౌస్ పట్టుకోవడమే.

కృష్ణానగర్‌లో ఒక ఎడిటింగ్ రూమ్‌కి ఫైనల్ కట్ తీసుకోవడానికి వెళ్లినప్పుడు దీన్ని మొదటిసారి చూశాను. నాకన్నా బాగా సీనియర్ ఆ ఎడిటర్. ఆయన బల్ల మీద కీబోర్డు పక్కన నల్లటి అరచేతి వెడల్పు పెట్టె, దాని మీద పెద్ద బంతి, బంతి చుట్టూ ఒక రింగు.

"అన్నా, ఇదేంటి? వీడియో గేమ్‌దా?" అన్నాను.

"ఇదే నా మౌసమ్మా. చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. అంతే! వేళ్లు బంతి మీద దిగగానే అరచెయ్యి దానంతటదే వాలిపోయింది. పట్టుకోవాల్సింది ఏమీ లేదు. మౌస్‌ని మనం రోజంతా పట్టుకునే ఉంటామని, బొటనవేలూ చిటికెనవేలూ రెండు పక్కల నుంచి దాన్ని నొక్కి పట్టి ఉంచుతాయని నాకు ఆ క్షణం దాకా తెలియనే తెలియదు. పట్టు వదిలేశాకే పట్టు సంగతి తెలిసింది. బంతిని మెల్లగా తిప్పితే పట్టీ అంచు ఒక్కో ఫ్రేమే జరుగుతోంది. విసురుగా తిప్పితే సినిమా మొదటి రీలు నుంచి క్లైమాక్స్ దగ్గరికి పోతోంది. చుట్టూ ఉన్న రింగు తిప్పితే పేజీ కిందికి పైకి జరుగుతోంది. ఆయన టీ తాగడం పూర్తి చేసినా నేను దాన్ని వదల్లేదు.

"ఎన్నాళ్లయింది అన్నా కొని?"

"సరిగ్గా గుర్తులేదు. కంప్యూటర్లు మాత్రం చాలా మారాయి. ఇది మారలేదు."

దాని మీద కంపెనీ పేరు సగం అరిగిపోయింది. అరచెయ్యి ఆనే చోట ప్లాస్టిక్ నున్నగా మెరుస్తోంది. బంతి మాత్రం కొత్తదానిలాగే తిరుగుతోంది. అది కెన్సింగ్టన్ వాళ్ల ఎక్స్‌పర్ట్ మౌస్. 1986లో ఆ కంపెనీ మాకింటోష్ కోసం టర్బో మౌస్ పేరుతో మొదలుపెట్టిన వంశంలోది. పేరులో మౌస్ ఉన్నా అది ట్రాక్‌బాలే. బంతి వ్యాసం 55 మిల్లీమీటర్లు. చుట్టూ నాలుగు బటన్లు. కుడి ఎడమలు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఏ చేత్తోనైనా వాడుకోవచ్చు.

తర్వాత ఆయన చేసిన పని చూసి నా కళ్లు ఇంకా పెద్దవయ్యాయి. పెట్టెని తిరగేసి కింద అరచెయ్యి పట్టారు. బంతి ఊడి చేతిలో పడింది! స్క్రూ లేదు, మూత లేదు. బంతి పోయాక మిగిలిన గుంటలో మూడు చిన్న పూసలు, ఒక మూల సెన్సర్ కన్ను. అంతే ఉంది లోపల. మూడు పొయ్యిరాళ్ల మీద కుండ కూర్చున్నట్టు ఆ మూడు పూసల మీద బంతి కూర్చుంటుంది. ఎంత తిప్పినా అది తగిలేది ఆ మూడు చోట్లే. బంతి మీద చల్లినట్టుండే చుక్కల్ని కింద నుంచి వెలుతురు వేసి సెన్సర్ చూస్తూ ఉంటుంది. ఇప్పటి చాలా మోడళ్లలో ఆ సెన్సర్ సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ముందు ఫొటోకీ వెనక ఫొటోకీ చుక్కలు ఎంత జరిగాయో లెక్కగట్టి కర్సర్‌ని అంత జరుపుతుంది. బంతికీ సెన్సర్‌కీ మధ్య గాలి తప్ప ఇంకేమీ లేదు. అరగడానికి అక్కడ ఏముంది చెప్పండి?

ఆ పూసలు కూడా అల్లాటప్పా సరుకు కాదు. మంచి ట్రాక్‌బాల్స్‌లో వాటిని కృత్రిమ కెంపుతోనో, జిర్కోనియా లాంటి గట్టి సిరామిక్‌తోనో చేస్తారు. కెంపు కాఠిన్యం మోస్ కొలమానంలో 9, వజ్రానిది 10. మన ఇళ్లల్లో పాత హెచ్ఎంటీ వాచీల డయల్ మీద '17 జ్యూయల్స్' అని రాసి ఉండేది కదా, ఆ పదిహేడూ ఇలాంటి కృత్రిమ కెంపులే. ఇరుసులు అరగకుండా వాటిలో తిరుగుతాయి. తాతగారి వాచీని తరాల పాటు నడిపించిన రాయి ఒక కంప్యూటర్ పరికరంలో, నా వేళ్ల కింద ఉందని తెలిసినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను.

ఇంటికొచ్చి దీని చరిత్ర చదవడం మొదలుపెడితే తెల్లవారింది. ఇది మౌస్‌కి తమ్ముడు అనుకున్నాను, అన్న అని తేలింది. 1946లో బ్రిటన్ నౌకాదళ పరిశోధన విభాగంలో రాల్ఫ్ బెంజమిన్ అనే ఇంజనీరు రాడార్ తెర మీద విమానాల జాడ గుర్తించడానికి దీన్ని కనిపెట్టాడు. ఆయన జర్మనీలో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని బ్రిటన్ చేరిన కుర్రవాడు. అప్పటిదాకా ఆ పనికి జాయ్‌స్టిక్ వాడేవారు. అది ఆయనకి నచ్చలేదు. రబ్బరు తొడిగిన రెండు చక్రాల మీద దొర్లే లోహపు బంతి పెట్టాడు. మరుసటి ఏడాది పేటెంటుకి దరఖాస్తు పెట్టారు గానీ, సైనిక రహస్యం కాబట్టి విషయం బయటికి పొక్కనివ్వలేదు. తొలి మౌస్, అంటే డగ్లస్ ఎంగెల్‌బార్ట్ చెక్క మౌస్, తయారైంది 1964లో. అంటే ట్రాక్‌బాల్ దానికన్నా పద్దెనిమిదేళ్లు ముందు!

రహస్యం కావడంతో సముద్రానికి అవతల కెనడాలో ఇంకో బృందం అదే ఆలోచనని తమంతట తాము మళ్లీ పుట్టించింది. 1952లో టామ్ క్రాన్‌స్టన్, ఫ్రెడ్ లాంగ్‌స్టాఫ్, కెన్యన్ టేలర్ కలిసి కెనడా నౌకాదళం వారి డేటార్ అనే వ్యవస్థ కోసం ట్రాక్‌బాల్ చేశారు. అందులో పెట్టిన బంతి ఏమిటనుకున్నారు? కెనడాలో ఆడే ఫైవ్-పిన్ బౌలింగ్ బంతి! దాదాపు 12 సెంటీమీటర్ల వ్యాసం ఉంటుంది. వేళ్లు పెట్టడానికి కన్నాలు ఉండవు కాబట్టి సరిగ్గా సరిపోయింది. ఊగే ఓడలో, తడి చేతులతో, కంగారులో వాడే పరికరానికి అంత బరువైన బంతే కావాలి మరి.

ఇప్పుడు నా తరంవాళ్లకి బాగా తెలిసిన ఒక సంగతి. నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కూర్చున్న రోజులు గుర్తున్నాయా? మౌస్ మొరాయిస్తే తిరగేసి, గుండ్రటి మూత తిప్పి, రబ్బరు పూత ఉన్న బరువైన బంతిని బయటికి తీసి, లోపలి చక్రాలకి చుట్టుకున్న నల్లటి మట్టిని గోటితో గీకేవాళ్లం. ఆ బంతి మౌస్ అంతా తలకిందులు చేసిన ట్రాక్‌బాలే. జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీ ఇంజనీర్లు తమ దగ్గరున్న ట్రాక్‌బాల్‌ని నిజంగానే తిరగేసి 1968లో రోల్‌కూగెల్ అనే మౌస్ చేశారు. 1972లో జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో బిల్ ఇంగ్లిష్ ఆ దారిలోనే బంతి మౌస్ చేశాడు. మనందరం వాడింది ఆ వంశంలోదే. బంతి బల్లకి రాసుకుంటూ పోతే ఊళ్లో దుమ్మంతా లోపలికి పోతుంది. అదే బంతిని పైకి తిప్పి వేళ్లకి అందించారనుకోండి, దుమ్ము సగం తగ్గిపోయింది, బల్ల మీద జాగా కూడా అక్కర్లేకపోయింది.

ఇంతకాలం ట్రాక్‌బాల్‌ని నేను చూడనే లేదనుకోవడం కూడా సరికాదు. మీరూ చూసే ఉంటారు. అల్ట్రాసౌండ్ స్కానింగ్‌కి వెళ్లినప్పుడు డాక్టరు ఒక చేత్తో ప్రోబ్ పట్టుకుని, రెండో చేత్తో మిషన్ మీద ఏదో దొర్లిస్తూ తెర మీద చుక్కలు పెడుతుంటారు. పొట్టలో బిడ్డ తల చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కొలిచేది ఆ బంతితోనే. రోజూ ఎంతోమందిని చూడాలి, చేతికి జెల్ అంటి ఉంటుంది, కన్ను తెర మీంచి తిప్పకూడదు. అక్కడ మౌస్ నిలవదు. మనం పుట్టకముందే కొలతలు తీసిన పరికరం ఇది, మన ఊరి స్కానింగ్ సెంటర్‌లోనే ఉంది!

మా సినిమా వైపు కూడా అంతే. డీఐ గదిలో, అంటే సినిమాకి రంగులు దిద్దే గదిలో, కలరిస్ట్ ముందు ఉండే ప్యానెల్ మీద వరసగా మూడు ట్రాక్‌బాల్స్ ఉంటాయి. ఒకటి నీడలకి, ఒకటి మధ్య వెలుగులకి, ఒకటి బాగా వెలుగున్న చోట్లకి. హీరో ముఖం మీద సాయంత్రపు ఎండ తేవాలంటే కలరిస్ట్ రెండు చేతులతో రెండు బంతులు ఒకేసారి వెంట్రుకవాసి తిప్పుతాడు. రంగుల చక్రంలో ఏ దిక్కుకైనా, ఎంత కొంచెమైనా జరగాలంటే బంతిని మించింది లేదు. ఆ గదిలో ఎన్నోసార్లు కూర్చున్నాను, తెర వైపే చూశాను. ఇప్పుడు ఆ గదికి వెళ్తే ముందు ఆయన వేళ్ల వైపు చూస్తున్నాను.

సరే, నేనూ ఒకటి కొన్నాను. ఇక సుఖం సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

మౌస్ వాడేటప్పుడు చెయ్యి ఎక్కడుంటుందో ఒకసారి గమనించండి. పూర్తి కీబోర్డుకి కుడివైపు అంకెల మీటలు ఉంటాయి. వాటికి అవతల మౌస్. అంటే చెయ్యి శరీరానికి దూరంగా చాచి ఉంటుంది. మణికట్టు చిటికెనవేలి వైపు వంగి ఉంటుంది. ఆ వంకర భంగిమలోనే అటూ ఇటూ ఊపుతాం. మణికట్టులో ఒక ఇరుకు సొరంగం ఉంది. వేళ్లని ముడిచే తొమ్మిది స్నాయువులూ, మీడియన్ నరమూ అందులోంచే పోవాలి. వంకరగా ఉంచి ఊపుతూ పోతే అక్కడ ఒరిపిడి పెరుగుతుంది. ట్రాక్‌బాల్‌కి జాగా అక్కర్లేదు కాబట్టి కీబోర్డుకి ఆనించి పెట్టుకోవచ్చు. కీబోర్డు ముందు, రెండు చేతుల నడుమ కూడా పెట్టుకోవచ్చు. 1991లో వచ్చిన ఆపిల్ పవర్‌బుక్ ల్యాప్‌టాప్‌లలో ట్రాక్‌బాల్‌ని సరిగ్గా అక్కడే, కీబోర్డు కింద నడిమధ్యన పెట్టారు. ఆ తర్వాత 1994 మోడళ్లతో దాని స్థానంలోకి ట్రాక్‌ప్యాడ్ వచ్చింది. చోటు మాత్రం నేటికీ అదే.

నాకైతే ఇంకో వరం దొరికింది. ట్రాక్‌బాల్‌ని ఎడమవైపు పెట్టుకున్నాను. కుడిచేత్తో పెన్ను పట్టుకుని స్క్రిప్టు మీద దిద్దుకుంటూ, ఎడమచేత్తో సినిమా ముందుకీ వెనక్కీ నడుపుతున్నాను. మౌస్‌తో ఎడమచెయ్యి అలవాటు చేసుకోవడం నరకం, బంతికి మాత్రం ఏ చెయ్యైనా ఒకటే. సలుపు ఎక్కువైన రోజు చెయ్యి మార్చేస్తాను. కుర్చీ వెనక్కి వాల్చి, పెట్టెని తొడ మీద పెట్టుకుని ప్రివ్యూ చూస్తాను. దిండు మీద పెట్టినా పనిచేస్తుంది, గాజు బల్ల మీద పెట్టినా పనిచేస్తుంది. అడుగున ఏముందో దానికి అనవసరం.

రాత్రిపూట మోచేతి దాకా లాగే ఆ నొప్పి నాకు తగ్గింది. అలాగని ఇది మందు అని చెప్పను. తిమ్మిర్లు, వేళ్లలో పట్టు తగ్గడం ఉన్నవాళ్లు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ఒక జాగ్రత్త కూడా ఉంది. ట్రాక్‌బాల్స్‌లో రెండు జాతులు. నాది వేళ్లతో తిప్పేది. లాజిటెక్ ఎర్గో ఎమ్575, ఎమ్ఎక్స్ ఎర్గో లాంటివి బొటనవేలితో తిప్పేవి. వాటి బంతి 34 మిల్లీమీటర్లే, ఆకారం మౌస్‌కి దగ్గర, కాబట్టి కొత్తవాళ్లకి త్వరగా చేతికొస్తాయి. ఎమ్ఎక్స్ ఎర్గోని 20 డిగ్రీలు పక్కకి వాల్చుకోవచ్చు. అరచెయ్యి బోర్లా పడుకోకుండా సగం నిలబడుతుంది, ముంజేతికి ఎంతో హాయి. అయితే పనంతా ఒక్క బొటనవేలి మీద పడుతుంది. పసిబిడ్డల్ని ఎత్తుకునే తల్లులకి బొటనవేలి మొదట్లో వచ్చే ఒక నొప్పి ఉంది. డాక్టర్లు డి కెర్వాన్ అంటారు, 1895లో దాన్ని వివరించిన స్విట్జర్లాండ్ సర్జన్ పేరు మీద. అది ఉన్నవాళ్లు, ఫోన్‌లో బొటనవేళ్లతో గంటలకొద్దీ టైప్ చేసేవాళ్లు వేళ్లతో తిప్పేదే తీసుకోవడం మంచిది. మూడు వేళ్లు పంచుకునే పని ఒక్క వేలికి అప్పజెప్పడం నాకు నచ్చదు. పెద్ద బంతి పక్షమే నేను.

పెద్ద బంతి పెట్టెలు కాస్త ఎత్తుగా ఉంటాయి. మణికట్టు పైకి విరిగినట్టు ఉండకూడదు. అందుకే వాటితో పాటు అరచేతి కింద పెట్టుకునే మెత్త ఇస్తారు కొన్నిటికి. అది తీసేసి అటక మీద పారేయకండి.

ఇక మన్నిక. చవక మౌస్‌లు నా దగ్గర ఎలా పోయాయో వరస చెప్పగలను. వైరు మెడ దగ్గర విరిగిపోయేది, రోజంతా అటూ ఇటూ లాగుతాం కాబట్టి. అడుగున జారుడు పట్టీలు అరిగిపోయేవి. బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడేది. ట్రాక్‌బాల్ కదలదు కనుక మొదటి రెండు చావులూ దానికి లేవు. వైరు ఎక్కడ పడుకుందో అక్కడే పడుకుని ఉంటుంది. జారుడు పట్టీలకి బదులు జారకుండా పట్టే రబ్బరు పాదాలుంటాయి. చేతికి హాయినిచ్చేదీ, వస్తువుకి ఆయుష్షునిచ్చేదీ ఒకటే గుణం, ఉన్నచోట ఉండటం. ఇది అర్థమైనప్పుడు నాకు ఒళ్లు పులకరించింది, నిజంగా.

మూడో చావు మాత్రం దీనికీ ఉంది, దాచను. బటన్ కింద ఉండే చిన్న స్విచ్‌కి నొక్కుళ్ల లెక్క ఉంటుంది. కోటి నొక్కుళ్లు అని రాసి ఉన్న స్విచ్‌ని రోజుకి 5000 సార్లు నొక్కితే 2000 రోజులు, అంటే అయిదున్నర ఏళ్లు. లోపలి రేకు అలిసిపోయినా, తగిలే చోట కిలుం పట్టినా ఒక నొక్కు రెండవుతుంది. అప్పుడు వస్తువు పారేయాల్సిన పని లేదు. ఆ ఎడిటర్ అన్న సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పట్టుకెళ్లి, సోల్డరింగ్ చేయించి, రెండు స్విచ్‌లూ మార్పించుకున్నారు. టీ తాగి వచ్చేలోపు అయిపోయిందట. పాత బంతి, పాత పూసలు, కొత్త స్విచ్‌లు. మళ్లీ అన్నేళ్ల బతుకు!

బంతిని చక్రాలు కొలిచే రోజుల్లో ట్రాక్‌బాల్‌కి కూడా మట్టి బాధ ఉండేది. దాన్ని తీర్చింది 1995లో వచ్చిన లాజిటెక్ ట్రాక్‌మాన్ మార్బుల్. చక్రాలు తీసేసి, బంతి మీద చుక్కలు వేసి, వెలుతురుతో చదివే పద్ధతి తెచ్చింది. ప్రత్యేకమైన ప్యాడ్ అక్కర్లేని ఆప్టికల్ మౌస్ జనం చేతికొచ్చింది 1999లో. ఇక్కడ కూడా ట్రాక్‌బాలే ముందు!

బంతి చిన్నదైతే ఏమవుతుందో బ్లాక్‌బెర్రీ వాడినవాళ్లు చెబుతారు. 2006 నాటి పెర్ల్ ఫోన్ నడుమ బుల్లి తెల్లటి బంతి ఉండేది. ముద్దుగానే ఉండేది గానీ చెమట, దుమ్ము దాని చుట్టూ ఇరుక్కుని తిరగనిచ్చేవి కావు. తీసి తుడవడానికి చేతికి చిక్కేది కాదు. 2009 నుంచి ఆ కంపెనీ దాని బదులు ఆప్టికల్ ప్యాడ్ పెట్టింది. చేతికి ఊడొచ్చేంత పెద్ద బంతి ఉండటమే అసలు రహస్యం. మోటు వాడకానికి ఇంకో సాక్ష్యం కావాలంటే వీడియో గేమ్ పార్లర్లు ఉన్నాయి. 1978లో అటారీ ఫుట్‌బాల్, 1980లో మిస్సైల్ కమాండ్, 1981లో సెంటిపీడ్, ఇవన్నీ ట్రాక్‌బాల్‌తో ఆడినవే. నాణెం వేసిన ప్రతి కుర్రాడూ అరచేత్తో బాదినంత పని చేసేవాడు. ఆ అటారీ ఫుట్‌బాల్ ఆడి చేతులు బొబ్బలెక్కినవాళ్లున్నారు.

దీనికి చేయాల్సిన సేవ బహు స్వల్పం. కొన్నాళ్లకోసారి బంతి తీయాలి. మూడు పూసల మీద మూడు బూడిదరంగు చిన్న పొరలు కనిపిస్తాయి, చర్మం పొట్టూ దుమ్మూ కలిసినవి. ఇయర్‌బడ్‌తో తీసేయాలి. బంతిని మెత్తటి గుడ్డతో తుడవాలి. బంతి ఊడొచ్చే కన్నం అడుగున ఉన్న మోడళ్లకి పెన్ను వెనక కొసతో పొడిస్తే చాలు. కొత్త బంతి మొదట్లో కాస్త పట్టుపట్టినట్టు తిరుగుతుంది. వేళ్ల జిడ్డు కొంచెం అంటాక దానంతటదే నునుపెక్కుతుంది. కొన్ని ఏళ్ల తర్వాత పూసల మీద సన్నటి చదును పడి బంతి బిరుసెక్కొచ్చు, అప్పుడు పూసలు మార్చుకునేవాళ్లూ ఉన్నారు.

మన కోస్తా వాళ్లకి ఒక మాట. మెత్తటి రబ్బరు పూత ఉన్నవి కొనకండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలిలోని తేమకి ఆ పూత కొన్నేళ్లలో జిగురుగా మారి చేతికంటుకుంటుంది. లోపల అన్నీ బాగున్నా ముట్టుకోబుద్ధి కాదు. గట్టి ప్లాస్టిక్‌దే మేలు.

అలవాటయ్యేదాకా ఓపిక కావాలి. మొదటి రోజు కర్సర్ మీ మాట వినదు. బటన్ నొక్కి పట్టి బంతి తిప్పే పని, అంటే డ్రాగ్ చేయడం, అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. బొటనవేలు బటన్ మీద ఉంచి మిగతా వేళ్లు బంతి మీద ఉంచడం అలవాటు చేసుకోవాలి. కర్సర్ వేగం మొదట తగ్గించి పెట్టుకుని, చెయ్యి తిరిగాక పెంచుకోండి. ఒక వారం మౌస్‌ని సొరుగులో పెట్టి తాళం వేస్తే పనవుతుంది. గురి చూసి కాల్చే ఆటలు ఆడే పిల్లలు మాత్రం మౌసే కావాలంటారు, వాళ్లని బలవంతపెట్టొద్దు.

ధర మామూలు మౌస్‌కి కొన్ని రెట్లు. నాకు అది ఖరీదు అనిపించలేదు. సొంతంగా చేసుకునే దారి కూడా ఉంది. కెనడాలోని ప్లూపీ అనే చిన్న కంపెనీ తన ట్రాక్‌బాల్స్ డిజైన్ ఫైళ్లు మొత్తం అందరికీ ఉచితంగా ఇచ్చేస్తోంది. త్రీడీ ప్రింటర్‌తో పెట్టెని మీరే ముద్రించుకోవచ్చు, ఏ ముక్క విరిగినా ఆ ముక్కే మళ్లీ చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో త్రీడీ ప్రింటింగ్ చేసిపెట్టేవాళ్లు ఇప్పుడు దొరుకుతున్నారు. ఇంజనీరింగ్ చదివే పిల్లలెవరైనా దీన్ని ప్రాజెక్టుగా తీసుకుంటే ఎంత బాగుంటుందో!

కొనేముందు ఒక పని చేయండి. మీకు తెలిసిన ఎడిటర్‌నో, స్కానింగ్ డాక్టరునో, డీఐ గదిలో పనిచేసే వాళ్లనో అడిగి ఒక పది నిమిషాలు ఆ బంతి మీద చెయ్యి పెట్టి చూడండి. పెద్ద బంతి ఉన్నది, చేత్తో ఊడొచ్చేది, గట్టి ప్లాస్టిక్‌ది, ఏ చేతికైనా సరిపోయేది దొరికితే తీసుకోండి. రోజుకి ఎనిమిది గంటలు మౌస్ పట్టుకునేవాళ్లు మణికట్టు నొప్పి మొదలయ్యేదాకా ఆగకండి, ముందే మారిపోండి.